తేడా కనబడలేదు

జూన్ పదకొండో తేదీ, బుధవారం, ఉదయం తొమ్మిదిన్నర. పరుగును పరీక్షించే గదిలో ఆనాడు హాజరైనవారు నలుగురు: పద్దెనిమిదేళ్లుగా ఆ గదిని నడుపుతున్న ఫిజియోథెరపిస్టు, రెండు చంకకర్రల మీద వచ్చిన ఇరవయ్యారేళ్ల పరుగుల అమ్మాయి, వృత్తిరీత్యా దర్జీ అయిన ఆమె అన్న, పరుగుల సంఘం కార్యదర్శి. సంఘంలో అందరూ అమ్మాయిని పిచ్చుక అనేవారు. పాదం నేలకు ఆనిన చప్పుడు పక్కవాడికి కూడా వినబడకుండా పరిగెత్తేది కనుక ఆ పేరు వచ్చింది.

కార్యదర్శి తెచ్చిన కాగితంలో తేలవలసిన ప్రశ్న ఒక్కటే: ఈమె తన నొప్పిని దాచిందా, లేదా?

ఏప్రిల్ పందెంలో, పద్నాలుగో కిలోమీటరు దగ్గర, పిచ్చుక కుడి తొడ ఎముక తుంటిలోకి చేరే చోట విరిగింది. శస్త్రవైద్యుడు మూడు మరలు బిగించాడు. ఎందుకైనా మంచిదని ఎడమ తుంటికి కూడా స్కాన్ తీయిస్తే అక్కడా ఒక పాత పగులు బయటపడింది. ఇలాంటి పగుళ్లు వారాల తరబడి నొప్పి పెట్టకుండా ఉండవని ఆయన రాశాడు. దూరపు పందేలు ఇక లేవన్న సంగతి ఆ గదిలో నలుగురికీ తెలుసు. దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. మిగిలింది ఒక్కటే. సంఘం మైదానంలో ఉదయం పూట కొత్తవాళ్లకు పరుగు నేర్పే పని. నొప్పి దాచి పందెంలోకి దిగినట్టు తేలితే నియమం ప్రకారం సంఘం పట్టికలోంచి పేరు కొట్టేస్తారు. అప్పుడు ఈల పట్టుకుని మైదానం అంచున నిలబడే హక్కు కూడా ఉండదు.

కార్యదర్శి చెడ్డవాడు కాడు. మూలన వేలాడుతున్న అస్థిపంజరం బొమ్మను చూసి, తన మీద ఇంతవరకూ ఫిర్యాదు చేయనివాడు ఈయనొక్కడే అన్నాడు. మర్యాద కోసం పిచ్చుక మాత్రం నవ్వింది. తరువాత ఆయన కళ్లద్దాలు సవరించుకుని, మార్చి నాలుగున ఇక్కడ పరీక్షకు వచ్చినప్పుడు ఎడమవైపు నొప్పి సంగతి చెప్పావా అని అడిగాడు.

"చెప్పాననే అనుకుంటున్నా సార్. కానీ ఇన్నాళ్లూ అందరూ దాచావు దాచావు అంటుంటే, ఏమో, చెప్పలేదేమో అని కూడా అనిపిస్తోంది."

అన్న గోడవైపు చూస్తూ కూర్చున్నాడు. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన నాటి నుంచి అతడు చెల్లెలికి అన్నం పెడుతున్నాడు, మందులు ఇస్తున్నాడు, కానీ ముఖం చూసి మాట్లాడటం లేదు.

మార్చి నాటి రికార్డింగు వేయమని కార్యదర్శి కోరాడు. తెర మీద పిచ్చుక ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తసాగింది. వెనకనుంచి ఒకసారి, పక్కనుంచి ఒకసారి. నడుము ఇరువైపులా ఒకే మేరకు ఒరుగుతోంది. నిమిషానికి నూట డెబ్బై రెండు అడుగులు. ఒక్క అడుగైనా తడబడలేదు. ఆ తరువాత ఒంటికాలి గెంతులు: కుడికాలి మీద ఇరవై, ఎడమకాలి మీద ఇరవై. ఆ కెమెరాకు శబ్దం లేదు. ఆనాడు ఎవరు ఏం మాట్లాడారో అందులో ఉండదు.

పిచ్చుక చంకకర్రలు గోడకు ఆనించి, మెడ ముందుకు చాచి చూసింది. తనను తాను వెనకనుంచి చూసుకోవడం ఆమెకు అదే మొదటిసారి.

"ఇంత బాగా పరిగెత్తేదాన్నా అన్నయ్యా?"

ఫిజియోథెరపిస్టు తెర మీది బొమ్మను ఆపింది.

శస్త్రవైద్యుడి ఉత్తరం అందిన నాటి నుంచి, ఎనిమిది రోజులుగా, ఆమెకు సంగతి తెలుసు. సంఘానికి పంపవలసిన జవాబు కూడా సిద్ధం చేసుకుంది. 'పరీక్షకు వచ్చిన వ్యక్తి తెలిపిన వివరాల మేరకు' అన్న ఒక్క మాట చాలు, తప్పంతా అవతలివైపు జారిపోతుంది. ఆ మాట చాటున ఎనిమిది రోజులు తలదాచుకుంది. తెర మీది అమ్మాయి ఒక కాలు గాలిలో ఉండగా ఆగిపోయి ఉంది. ఆ గాలిలోని కాలివైపు చూస్తూ ఉంటే ఆమెకు ఆ మాట నోట రాలేదు.

"ఈ అమ్మాయి చెప్పింది సార్. కుడి తుంటి బాగా నొప్పి, ఎడమది కూడా కొంచెం లాగుతోంది అని చెప్పింది. రాసుకోనిది నేను."

కార్యదర్శి కలం ఆపాడు. ఆమె తడుముకోకుండా వివరించింది. తమ పట్టికలో రెండు గళ్లు ఉంటాయి: నొప్పి ఉన్న కాలు, బాగున్న కాలు. బాగున్న కాలే కొలబద్ద. దానితో పోల్చి రెండోది ఎంత తగ్గిందో లెక్కగడతారు. ఒక కాలు నొప్పి పెడితే బరువంతా మోసి రెండోది అలసిపోవడం రోజూ చూసేదే కనుక, ఎడమ నొప్పిని అలసట కింద కొట్టేసి, ఆ కాలిని బాగున్న గడిలో రాసింది. ఒరుగు సమానం, గెంతులు సమానం, అడుగు నేల మీద నిలిచే కాలం సమానం. రెండూ ఒకే మేరకు దెబ్బతిన్నాయి కనుకనే సమానం. 'తేడా కనబడలేదు, కండరం బెణుకు, పరిగెత్తవచ్చు' అని ముగించింది. స్కాన్‌కు పంపి ఉంటే మూడు నెలల విశ్రాంతితో ఎముక అతుక్కునేది.

ముందుగా మాట్లాడింది దర్జీ.

"మా పనిలో కాలిని కాలితో కొలవం మేడమ్. టేపుతో కొలుస్తాం. రెండూ, విడివిడిగా."

అతని గొంతులో కోపం లేదు. అందుకే ఆమె తలెత్తలేకపోయింది. అవునని మాత్రం అన్నది.

అతడు చెల్లెలివైపు తిరిగాడు. "మరి నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే నువ్వు మిషను దగ్గర నుంచి లేచొచ్చి నా బూట్లు దాచేసేవాడివి. మేడమ్‌కి చెప్పాగా, ఆవిడ చూసుకుంటుందిలే అనుకున్నా."

"దాచేసేవాణ్ణే."

ఆ మాటతో అతని ముఖం ముడుచుకుపోయింది. చెల్లెలు చేయి చాచి అతని మోకాలి మీద వేసింది. నలభై రోజులుగా అతడు నిజం చెప్పిన మనిషిని అబద్ధాలకోరుగా చూశాడు. ఆ నలభై రోజులను వెనక్కి తీసుకునే దారి అతనికి కనిపించలేదు. "పోనీలే, కూర మాత్రం బాగానే వండావు," అన్నది పిచ్చుక. అతడు చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాడు.

ఫిజియోథెరపిస్టు కుర్చీ జరుపుకుని పిచ్చుక ఎదుట కూర్చుంది. క్షమించమని అడగాలనుకుని, అలా అడిగితే సరేననే భారం కూడా ఈ పిల్ల మీదే పడుతుందని తోచి, ఊరుకుంది. "తప్పు నాదమ్మా" అని మాత్రం చెప్పింది.

"తెలుసు మేడమ్." పిచ్చుక ఆగి, కొంచెం ఆలోచించి, అన్నది: "నాకు పిచ్చి లేదన్నమాట. అది చాలు ఇవాళ్టికి."

కార్యదర్శి గొంతు సవరించుకున్నాడు. ఈ వాక్యాలు ఇలాగే రాస్తే సంఘం తన పరుగువాళ్లను ఇక ఈ గదికి పంపదని, మాటలు కొంచెం మెత్తగా రాసుకునే వీలుందని మెల్లగా సూచించాడు. మెత్తగా రాస్తే ఈ అమ్మాయి పేరు పట్టికలో నిలుస్తుందా అని ఆమె అడిగింది. చెప్పలేనన్నాడు. అయితే ఇలాగే రాయమంది.

ఆయన రాశాడు. నొప్పి రెండువైపులా ఉన్నట్టు పరీక్షకు వచ్చిన వ్యక్తి స్పష్టంగా చెప్పినది. నమోదు చేయనిది పరీక్షించినవారు. రాసినది బిగ్గరగా చదివి వినిపించాడు. ఆమె ఒకచోట 'పొరపాటు' అన్న మాటను కొట్టించి 'తప్పు' అని వేయించింది. సంతకం చేసింది. సాక్షిగా దర్జీ సంతకం చేశాడు. కార్యదర్శి కాగితాన్ని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి మడిచి, కవరులో పెట్టి, కవరును సంచిలోకి జారవిడిచాడు.