సింకు ముందు పల్లం

రోజూ పొద్దున్న ఆరున్నరకి ఆ ఇంట్లో మూడు వైపుల నుంచి కేకలు మొదలవుతాయి. "అక్కా, నా సాక్సులేవి?" అని తమ్ముడు. "వదినా, పాలు దించావా?" అని మరదలు. "అక్కా, నా కళ్ళజోడు చూశావా?" అని తల్లి. తల్లికి అక్క ఏమిటంటారా? కొడుకు పుట్టినప్పుడు వాడికి పిలుపు అలవాటవ్వాలని ఆవిడ కూడా కూతుర్ని అక్కా అనడం మొదలుపెట్టింది. వాడికి ముప్పై ఎనిమిదేళ్ళొచ్చినా ఆవిడ మానలేదు. కాబట్టి మనమూ అక్క అనే అందాం.

అక్క సింకు ముందు నిలబడి, వెనక్కి తిరక్కుండానే మూడింటికీ జవాబు చెబుతుంది. సాక్సులు ఇస్త్రీ బట్టల కింద, పాలు దించేశాను, కళ్ళజోడు నీ తల మీదే ఉంది. తొమ్మిదింటికి కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబుకి వెళ్తుంది. పద్దెనిమిదేళ్ళుగా అదే పని. మనిషికి మిగిలిన పళ్ళు చూసి, వాటిలో కలిసిపోయే రంగు ఎంచడంలో ఆమె కన్ను తప్పిందని ఇంతవరకూ ఎవరూ అనలేదు.

ఆ ల్యాబు యజమాని సముద్రం ఒడ్డున ఉన్న ఒక ఊళ్ళో ఇంకో ల్యాబు తెరుస్తున్నాడు. దాన్ని మొత్తం ఆమెనే చూసుకోమన్నాడు. "శుక్రవారం సాయంత్రం ఐదింటికల్లా చెప్పమ్మా. నువ్వు కాదంటే ఇంకొకర్ని చూసుకోవాలి" అన్నాడు. అక్క గుండె గంతులేసింది. బస్సు దిగి ఇంటి గుమ్మం ఎక్కేలోపే ఆ గంతులు సర్దుకున్నాయి. తల్లికి మోకాళ్ళ నొప్పులు, తమ్ముడికీ మరదలికీ షిఫ్టు ఉద్యోగాలు, ఏ వస్తువు ఎక్కడుందో తనకి తప్ప ఎవరికీ తెలియని ఇల్లు. ఎవరితోనూ అనకుండానే వద్దనుకుంది. "క్షమించండి, రాలేను" అని ఫోన్లో రాసి పెట్టుకుంది. పంపడమే మిగిలింది.

ఎటూ ఉండబోయేది ఇక్కడే కదా, కనీసం కాళ్ళ కింద నేలైనా బాగుండాలనిపించింది. వంటింట్లో టైల్స్ పగిలి ఎన్నాళ్ళో అయింది. ఆదివారం అందరినీ ఫ్లోరింగ్ షోరూముకి లాక్కెళ్ళింది.

అక్కడ గోడ నిండా వినైల్ పలకలు. చూడ్డానికి చెక్కే, నీళ్ళు పడినా ఉబ్బవు. తమ్ముడు ఒక ముక్కని అటూ ఇటూ వంచి, "ప్లాస్టిక్కే కదా" అన్నాడు.

"ప్లాస్టిక్కే సార్. కానీ మర్యాద తెలిసిన ప్లాస్టిక్కు" అన్నాడు అమ్మేవాడు. "పైనున్న పొర మందం చూసుకోండి. గీతలు పడకుండా కాపాడేది అదే."

మరదలు బూడిద రంగు బాగుందంది. తల్లి మెరిసేది కావాలంది. అక్క మాత్రం గోధుమ రంగులు పదకొండింటిని ఒక్కొక్కటీ గుమ్మం దగ్గర వెలుతురులోకి పట్టుకెళ్ళి చూసింది. "ఇది సిగరెట్లు కాల్చేవాడి పన్ను. ఇది రోజుకి ఆరు టీలు తాగేవాడిది" అంటూ పక్కన పెట్టేసి, చివరికి కాస్త పసుపు కలిసిన తేనె రంగు ఎంచింది. రంగుల విషయంలో ఆమె మాటకి తిరుగులేదు కనక ఎవరూ నోరెత్తలేదు.

పెట్టెలు ఇంటికొచ్చాక రెండు రోజులు వంటింట్లోనే పడుకోబెట్టారు. గది వేడికి అలవాటు పడకపోతే పలకలు తర్వాత సాగడమో ముడుచుకోవడమో చేస్తాయట. గురువారం మేస్త్రీ వచ్చాడు. అరవయ్యేళ్ళ మనిషి, మోకాళ్ళకి మెత్తలు కట్టుకుని పని చేస్తాడు, మాట పొదుపు. పాత టైల్స్ పీకేసి, నేల మీద పొడుగాటి అల్యూమినియం పట్టీ ఆనించి చూస్తే సింకు ముందు వేలు దూరేంత పల్లం ఉంది. నేల చదునుగా లేకపోతే పలకలు ఒకదానిలో ఒకటి ఇమిడే గాడులు విరుగుతాయి. సిమెంటు పల్చగా కలిపి పోశాడు. శుక్రవారం పొద్దున్న వచ్చి చూస్తే పల్లం ఎప్పట్లాగే ఉంది. మళ్ళీ పోశాడు. మధ్యాహ్నం నాలుగింటికి అదీ దిగిపోయింది.

"ఇది పునాది పల్లం కాదండి. మనిషి పల్లం" అన్నాడు మేస్త్రీ, చేతులు కడుక్కుంటూ.

"అలాగా" అన్నారు అందరూ. మనసులో బరువు పెట్టుకున్నవాళ్ళు ఏళ్ళ తరబడి ఒకేచోట నిలబడితే అక్కడ నేల దిగుతుంది. గోడలకి చెమ్మ పట్టినట్టే ఇదీనూ. పక్కింటి టీచరు గారి హాల్లో ఇంతకన్నా లోతైనది ఉండేది, ఆయన రిటైరయ్యాక ఉన్నదంతా చెప్పేసుకుంటే పూడింది. ఆ బరువేదో నోరు తెరిచి చెప్పేస్తే నేల దానంతటదే లేస్తుంది. సిమెంటు ఎంత పోసినా దండగ.

పల్లం ఎవరిదో అక్కకి వెంటనే అర్థమైంది. సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నందుకు తనని తాను తిట్టుకుంది. ఇంకొక్క గంట నోరు మూసుకుంటే ఐదు దాటిపోతుంది, ఆ తర్వాత చెప్పడానికేమీ ఉండదు.

ఆమె నోరు మూసుకోవడానికి ఇంట్లోవాళ్ళే సాయం చేశారు. "అయితే అది నాదే" అంది తల్లి, కాస్త గర్వంగానే. "ఈ ఇంటి బరువు మోసింది నేను కాక ఇంకెవరు?"

"నువ్వు వంటింట్లో అడుగుపెట్టి ఏడేళ్ళయింది కదమ్మా! అది నాది. ఆఫీసులో నేను పడే పాట్లు మీకేం తెలుసు?" అన్నాడు తమ్ముడు.

"మీరిక్కడికొచ్చేది మంచినీళ్ళ సీసా కోసం. అది కచ్చితంగా నాదే" అంది మరదలు.

గుంట కోసం ముగ్గురూ ఆస్తి కోసం పడ్డట్టు కీచులాడుకున్నారు. "ఒక్కొక్కరూ చెప్పండి, నేను చూస్తాను" అని మేస్త్రీ పట్టీ ఆనించి, చెంప నేలకి పెట్టి పడుకున్నాడు.

గాజు జగ్గు పగలగొట్టింది పిల్లి కాదు, తనేనని తల్లి ఒప్పుకుంది. "మాకు తెలుసులే" అన్నాడు కొడుకు. నేల కదల్లేదు. డ్రైవింగ్ టెస్టు తను మూడుసార్లు తప్పానని తమ్ముడు బయటపెట్టాడు. "నాతో ఒక్కసారే అన్నారు!" అని మరదలు కస్సుమంది. నేల కదల్లేదు. ఈ తేనె రంగు తనకి ముందునుంచీ నచ్చలేదని మరదలు చెప్పేసి, "ఏమనుకోకు వదినా" అంది.

"వెంట్రుక వాసి కూడా లేవలేదండి" అన్నాడు మేస్త్రీ. లేచి కూర్చుని, అక్క వైపు చూసి, "కాసిని మంచినీళ్ళిస్తారా అమ్మా?" అన్నాడు.

అక్క గ్లాసు తీసుకుని సింకు దగ్గరికి వెళ్ళి కుళాయి తిప్పింది. ఆమె రెండు పాదాలూ పల్లంలో ఇమిడిపోయాయి. మడమల దగ్గర వంపు, ఎడమకాలి మీద భారం వేసి నిలబడే తీరు, అన్నీ అచ్చుగుద్దినట్టు సరిపోయాయి. అందరూ ఆ పాదాలనే చూస్తున్నారు. మేస్త్రీ మాత్రం పెట్టె అట్ట చింపే పనిలో పడ్డాడు.

"నీకేం బరువే అక్కా?" అంది తల్లి, నిజంగానే తెలియక.

ఆ మాటకి అక్కకి ఒళ్ళు మండిపోయింది. గంటసేపు బిగబట్టుకోగలననుకున్నది ఇక ఒక్క క్షణం కూడా ఆగలేదు. "వేరే ఊళ్ళో కొత్త ల్యాబు చూసుకోమన్నారు. ఐదింటికల్లా చెప్పాలి. రానని రాసి పెట్టుకున్నాను. నాకు వెళ్ళాలని ఉంది." చివరి మాట తన నోటినుంచే వచ్చిందా అని ఆమెకే ఆశ్చర్యమేసింది.

"సగం లేచిందండి" అన్నాడు మేస్త్రీ.

"నేను నిన్నెప్పుడైనా ఆపానా?" అంది తల్లి.

"ఆపలేదమ్మా. ఎవరూ ఆపలేదు. వెళ్ళమనీ అనలేదు."

"నువ్వు చెబితేగా!" అన్నాడు తమ్ముడు.

"మీరు అడిగితేగా! సాక్సుల గురించి అడుగుతారు, పాల గురించి అడుగుతారు. నా గురించి ఎవరైనా ఎప్పుడైనా అడిగారా?"

తల్లి కుర్చీలో కూలబడింది. నువ్వు వెళ్తే మా గతేంటి అన్న ప్రశ్న ఆవిడ నోటి చివరిదాకా వచ్చింది. అక్క అది చూస్తూనే ఉంది. ఆవిడ గానీ ఆ మాట అంటే, తను ఇక కదలలేనని ఆమెకి తెలుసు. తల్లి దాన్ని మింగేసింది. కళ్ళు తుడుచుకుని గడియారం చూసింది.

"ఇంకా నాలుగు నిమిషాలుంది. ఫోన్ చెయ్యవే" అంది.

అక్క నంబరు నొక్కింది. "సార్, వస్తున్నాను" అంది.

నేల ఆమెని నెమ్మదిగా పైకి తెచ్చింది. సింకు గట్టు ఆమె నడుముకి కాస్త కిందికి దిగింది. మేస్త్రీ పట్టీ ఆనించి, దాని కింద కాగితం దూర్చబోయాడు. దూరలేదు. సరేనన్నట్టు తలాడించి గోడ వారనుంచి పలకలు పరచడం మొదలుపెట్టాడు. ఒకదాని గాడిలోకి ఇంకొకటి టక్కుమని పడుతోంది. ఫోనులో అవతల యజమాని యంత్రాల గురించి, తాళాల గురించి, ఆమె ఉండబోయే గది గురించి ఏకధాటిగా చెబుతున్నాడు. అక్క ఏడుస్తూ, ఊఁ కొడుతూ, అక్కడే నిలబడి ఉంది.

వరుసలు ఆమె కాళ్ళదాకా వచ్చేశాయి. మేస్త్రీ చేతిలో పలకతో ఆగాడు.

"అమ్మా, మీరు కాస్త జరిగితే ఇక్కడ వేసేస్తాను" అన్నాడు.

అక్క ఫోను చెవి దగ్గరే పట్టుకుని, పక్కకి జరిగింది.