ఐమూల గోడ

నానమ్మ వచ్చి ఉండడం మొదలుపెట్టాక చిన్నదాని గది ఆవిడదైపోయింది. చిన్నది మంచంతో, పుస్తకాలతో, సంచెడు బొమ్మలతో అక్క గదిలోకి దిగింది. దిగిన పూటనుంచే పేచీ. నీ చెప్పులు నా వైపున్నాయని ఒకరంటే, నీ కుర్చీ నా వైపు జరిగిందని ఇంకొకరు. వాళ్లమ్మ ఆసుపత్రిలో నర్సు. రాత్రి డ్యూటీ చేసొచ్చి కన్ను మూతపడక, ఒక సుద్దముక్క వాళ్ల చేతిలో పెట్టి, చెరిసగం గీసుకుని తనని పడుకోనివ్వమంది.

ఇల్లు వీధి మలుపులో ఉండడంవల్ల ఆ గదికి వెనకగోడ ఐమూలగా వెళ్తుంది. ఎడమగోడ పొట్టి, కుడిగోడ పొడుగు. తలుపున్న గోడని కొలిచి, సరిగ్గా మధ్యలోంచి వెనకగోడ దాకా గీత గీశారు. కిటికీ ఉన్న కుడివైపు అక్క తీసుకుంది. పెద్దదాన్ని కదా అంది.

పెద్దదన్న మాటేగానీ ఆ ఏడాది ఆమె తల దించుకునే తిరుగుతోంది. పదోతరగతిలో అన్నీ గట్టెక్కి లెక్కల్లో తప్పింది. మళ్లీ రాయాలి. పుస్తకం తెరిస్తే చాలు, త్రిభుజాలూ వృత్తాలూ కలిసి అలుక్కుపోయేవి. స్కూలు వ్యాను నడిపే తండ్రి పల్లెత్తు మాట అనలేదు. అదే ఆమెకి ఎక్కువ బాధగా ఉండేది.

చిన్నది ఏడో తరగతి. ఇంట్లో ఏదో ఒక గది కొలిచి, అడుగుకి సెంటీమీటరు చొప్పున పటం గీసి, వైశాల్యం కట్టి తెమ్మని లెక్కల టీచరు చెప్పిందట. మధ్యాహ్నమంతా టేపు పట్టుకుని నేలమీద పాకి, సాయంత్రానికి కాగితంతో అక్క ముందు నిలబడింది.

"నాది పదడుగుల గోడ, ఆరడుగుల వెడల్పు. అరవై. నీది పద్నాలుగు ఆర్లు ఎనభై నాలుగు. గీత ఒక అడుగు నీ వైపు జరగాలక్కా."

అడుగు జరిగితే కిటికీ దగ్గర బల్ల పట్టదు. గీత జరగాలని ఎవరు చెప్పారని అక్క అడిగింది.

"లెక్క చెప్పింది. నీకెలాగూ లెక్కలు రావుగా, నా మాట నమ్ము."

అందులో వెటకారమేమీ లేదు. బయట ఎండగా ఉంది అన్నంత మామూలుగా అంది. అందుకే అది సూటిగా వెళ్లి గుచ్చుకుంది. అక్క టేపు లాక్కుని తలుపేసుకుంది.

ముందు ఐమూల గోడ పొడుగునా టేపు పరిచింది. పన్నెండడుగుల ఎనిమిది అంగుళాలు. పొట్టిగోడ, పొడుగుగోడ కలిపి, సగం చేసి, దాంతో గుణిస్తే నూట యాభై రెండు వచ్చింది. నమ్మకం కుదరక గదిని ఒక దీర్ఘచతురస్రంగా, ఒక త్రిభుజంగా విడదీసి మళ్లీ కట్టింది. ఈసారి నూట నలభై నాలుగు. ఒక్క గదికి రెండు వైశాల్యాలేమిటి? ఎప్పటిలా కాగితం నలిపి పారేద్దామనుకుంది. కానీ ఇది పుస్తకంలో బొమ్మ కాదు, తను కూర్చున్న గది. ఎక్కడికీ పోదు.

రెండు పక్కగోడలకీ మధ్య దూరం కావాలి కదా, ఐమూలగా పరిస్తే టేపు ఎక్కువే చూపిస్తుంది. తలుపు గోడ వెంబడి తిన్నగా పరిచింది. పన్నెండే. పరీక్షలోనూ ఇలాగే వాలుగా ఉన్న గీతతో గుణించానని అప్పుడు గుర్తొచ్చి, సిగ్గుతోపాటు నవ్వూ వచ్చింది.

ఇక సుద్దగీత వంతు. అదీ పన్నెండడుగులే. అంటే చెల్లి వాటా అంతటా పదడుగులు కాదు, గోడ దగ్గర పదితో మొదలై గీత దగ్గరికొచ్చేసరికి పన్నెండు. అరవైకి ఒక చిన్న త్రిభుజం, ఆరు, కలపాలి. మొత్తం అరవై ఆరు. తన వాటాలో పన్నెండు ఆర్లు డెబ్బై రెండుకి అలాంటిదే మరో ఆరు. డెబ్బై ఎనిమిది.

చెల్లిని పిలిచింది. చిన్నది ముందు ఒప్పుకోలేదు. తనే టేపు పట్టి గీతని కొలిచి, తన కాగితం మళ్లీ చూసుకుంది.

"నా దాంట్లో త్రిభుజం వదిలేశాను. నీకేమో లేనిది కలిపాను."

"ఊఁ."

"అయినా నీకే ఎక్కువుంది కదా?"

"ఉంది. జరగాల్సింది ఇంచుమించు అరడుగు. అడుగు కాదు."

గీత అరడుగు జరిగింది. బల్ల కిటికీ దగ్గర ఇరుకుగా పట్టింది. చిన్నదాని పటం మర్నాటికి ఇవ్వాలి కనుక మళ్లీ గీయాల్సివచ్చింది, అక్క స్కేలు కదలకుండా పట్టుకుంది. డ్యూటీకి బయల్దేరుతూ గుమ్మంలో ఆగిన తల్లి, ఈ లెక్క ఎవరు కట్టారని అడిగింది. చిన్నది అక్కని చూపించింది. ఆవిడ పటాన్నీ పెద్దదాన్నీ మార్చి మార్చి చూసి, మంచం గోడకి ఆనించండి, కాళ్లకి తగులుతోంది అని చెప్పి వెళ్లిపోయింది.

ఆ రోజునుంచి పెద్దది పుస్తకాన్ని వదిలి వస్తువులమీద పడింది. డబ్బా చుట్టూ దారం చుట్టి చుట్టుకొలత తీసేది. బకెట్టులో ఎన్ని చెంబులు పడతాయో ముందు లెక్కగట్టి తర్వాత పోసి చూసేది. తప్పితే చిన్నది పడీపడీ నవ్వేది, నానమ్మ వంతపాడేది. తండ్రి వ్యానులో టేపు కనపడడంలేదని వెతుక్కునేవాడు. ఒక్కోరోజు ఏదీ కుదరక పెద్దది ఏడ్చి పడుకున్న మాటా నిజమే.

పరీక్షలో ఐమూల గోడ లాంటి ప్రశ్న రానేలేదు. శంకువొకటి వచ్చి చెమటలు పట్టించింది. బొటాబొటిగా గట్టెక్కింది. ఫలితం ముందు చూసిన చిన్నది ఇంట్లో అందరికీ చెప్పేశాకే అక్కకి చెప్పింది. వ్యాను నిలిపి లోపలికొచ్చిన తండ్రి, పాసేనా అని ఒకటికి రెండుసార్లు పెద్దదాన్నే అడిగి, వంటింట్లోకి వెళ్లి గ్లాసుడు నీళ్లు చాలాసేపు తాగాడు.