పదకొండు ఖాళీ గడులు

తడిసిన దుప్పటిని ఒక్కరే పిండడం కుదరదు. ఒకరు ఈ కొస, ఇంకొకరు ఆ కొస పట్టుకుని ఎదురుబొదురుగా మెలిపెట్టాలి. కర్నూల్లో డాబా మీద ఆ శనివారం పొద్దున స్తుతి మెలిపెడుతుంటే, అవతలి కొస అత్త చేతిలోంచి రెండుసార్లు జారి దుమ్ములో పడింది.

"గట్టిగా పట్టుకో అత్తా, మళ్లా జాడించాల్సొచ్చె," అంది స్తుతి విసుగ్గా.

"పట్టుకున్యా లేమ్మా," అంది విశ్వాసమ్మ, కొసను ఎడమచేతికి మార్చుకుంటూ.

విసుగు దుప్పటి మీద కాదు. సోమవారంలోగా పరిశోధన పత్రికకు జవాబు పంపాలి. వాన కురిసిన ఎన్నాళ్లకు బావిలో నీళ్లు పైకొస్తాయి, వాన మొహం చాటేసిన ఎన్నాళ్లకు జనం ఇళ్లకు తాళాలేసి కూలికి బస్సెక్కుతారు. ఆరేళ్లుగా స్తుతి పరిశోధన అదే, ఆలస్యాల లెక్క. ఈ పేపరు అచ్చయితేనే థీసిస్ ముందుకు కదులుతుంది. అచ్చుకు ముందు దాన్ని పరిశీలించిన ఆయనెవరో ఒక్క ప్రశ్న వేశాడు. రెండేళ్ల కిందటి జూలైలో పదకొండు రోజుల కొలతలు మరీ నున్నగా ఉన్నాయి, అసలు నోటుబుక్కు పుటలు పంపండి అని.

నున్నగా ఉండవా మరి. ఆ రోజుల కొలతలు అసలు లేనేలేవు. ముందురోజుదీ తర్వాతిరోజుదీ చూసుకుని మధ్యవి స్తుతే నింపేసింది, ఆ సంగతి ఎక్కడా రాయలేదు. సరిగ్గా ఆ ఏటి తొలివాన పడిన రోజులవి. అవి తీసేస్తే, ముప్పై నాలుగు రోజుల ఆలస్యం అని ఆమె తేల్చిన లెక్క వదులైపోతుంది. గైడు సుదర్శన్ సారు ఫోనులో తేలిగ్గా తీసిపారేశారు. "కొలిచేవాళ్లు మర్చిపోయినారని ఒక ముక్క రాసెయ్ స్తుతీ. పల్లెటూళ్లలో మామూలే కదా."

కొలిచేవాళ్లంటే విశ్వాసమ్మే. కోసిగి దగ్గరి పల్లెలో, చర్చి వెనకున్న బావికి రోజూ పొద్దున్నే పోయి, గుర్తులు పెట్టిన తాడుకు రాయి కట్టి దించి, నీళ్లు ఎంత లోతున ఉన్నాయో రాసేది. నాలుగేళ్లు రాసింది. జీతం లేదు, బత్తెం లేదు. "అమ్మకు వేరే పనేముండాది, రాస్తాది లే," అని స్తుతి భర్త యేసుప్రసాద్ మొదట్లోనే తల్లి తరఫున ఒప్పేసుకున్నాడు. కిందటేడు స్తుతి థీసిస్ రాసుకోవడానికి వీలుగా ఆమెను కర్నూలు తీసుకొచ్చారు, వంటకూ బట్టలకూ. అదీ వేరే పనేం లేకనే. కోడళ్లే అత్తల చాకిరీ చేస్తారని లోకంలో ఎన్ని కథలో. ఈ ఇంట్లో అది తిరగబడిందని స్తుతికి ఏ రోజూ తోచలేదు.

మధ్యాహ్నం నోటుబుక్కు తెరిచి ఫోనుతో ఫొటోలు తీయబోయింది. జూలై ఎనిమిది దాకా అంకెలు నిటారుగా, బడిపిల్ల రాసినట్టున్నాయి. తర్వాత పదకొండు గడులు ఖాళీ. ఇరవై నుంచి మళ్లీ అంకెలు, పెద్దవిగా, గడి దాటిపోతూ, వెనక్కి వాలిపోయి. నెలన్నర అదే తీరు. అప్పుడు ఫోను చేసి మరీ తను అన్న మాట స్తుతికి గుర్తొచ్చింది. "పదకొండు రోజులు ఊరికే పోగొట్టినావు అత్తా. రాసేవైనా కుదురుగా రాయగూడదా?" అవతల్నుంచి, "మర్చిపోయినామ్మా, ఇంగ మర్చిపోను," అంది విశ్వాసమ్మ.

అది ఎడమచేతి రాత. పొద్దున దుప్పటి కొస జారడం కళ్లముందు మెదలగానే స్తుతి నోటుబుక్కు వదిలేసి లేచింది.

వంటింట్లో విశ్వాసమ్మ సంగటి కెలుకుతోంది, ఎడమచేత్తో. ఏడాదిగా ఆ చెయ్యే కెలుకుతోంది. ఏడాదిగా తను తింటూనే ఉంది.

"అత్తా, నీ కుడిచెయ్యి ఎప్పుడు ఇరిగింది?"

తెడ్డు ఆగింది. "ఎప్పుడిదో లేమ్మా. ఆ యేడు వాన పడినాంక బావి మెట్ల మింద కాలు జారె. ఊర్లో ఎముకలు కట్టే గోపన్నతో కట్టు కట్టిచ్చుకున్యా. మణికట్టు అతికింది గానీ వంకరగా అతికింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే రాసేది ఇంగొకరికి ఇస్తావని." విశ్వాసమ్మ మళ్లీ కెలకసాగింది. "యాబై ఎనిమిదేండ్లల్లో అందరూ వండమన్యారు, తవ్వమన్యారు, మొయ్యమన్యారు. రాయమనింది నువ్వొక్కదానివే."

స్తుతి గోడకు ఆనుకుంది. సిగ్గేసింది, కానీ ఆ మాట చాలదు. బావి లోతు రాయమని తను చెప్పింది గానీ, తాళాలు లెక్కపెట్టమని చెప్పలేదు. ఆదివారాలు చర్చి నుంచి వస్తూ, తాళం పడిన ఇళ్లెన్నో లెక్కపెట్టి, బావి లోతు పక్కనే రాయడం విశ్వాసమ్మ సొంతంగా మొదలుపెట్టింది. "నీళ్లు పోతానే పోరమ్మా. శానా దినాలు సూసి సూసి పోతారు," అని విడమరిచి చెప్పింది కూడా. థీసిస్‌లో సగం ఆ మాటే. సెమినార్లో సుదర్శన్ సారు "భలే ఆలోచన, ఎట్లా తట్టింది?" అంటే తను నవ్వి ఊరుకుంది. అదే సారు మొదటి పేపరు మీద తన పేరుకన్నా ముందు ఆయన పేరు వేసుకుంటే మాత్రం ఇంటికొచ్చి ఏడ్చింది. ఎవరి ఒళ్లోనో కాదు, ఈమె ఒళ్లోనే. "కష్టం నీదని నీకు తెల్సు గదమ్మా," అని విశ్వాసమ్మ తల నిమిరింది. ఏ చేత్తో నిమిరిందో కూడా స్తుతి చూడలేదు.

తెడ్డు తన చేతిలోకి తీసుకుంది. "పేపరు మీద నీ పేరు ముందు వేస్తా అత్తా."

విశ్వాసమ్మ కంగారుపడింది. "అంకెలు అంత వంకరగా ఉండాయే. నలుగురూ సూడరా?"

సాయంత్రం యేసుప్రసాద్ విని నవ్వాడు. "అమ్మ పేరా? ఏడో తరగతితో బడి మానేసిన మనిషి. దీనికోసం థీసిస్ పోగొట్టుకుంటావా?"

"పోతే మళ్లా రాసుకుంటా," అంది స్తుతి. భయంగానే అంది.

తను నింపిన పదకొండు అంకెలనూ ఒక్కొక్కటే చెరిపింది. గ్రాఫు మీద గీత అక్కడ తెగిపోయింది, అట్లాగే వదిలేసింది. రచయితల వరసలో మొదట విశ్వాసమ్మ పేరు, తర్వాత తనది, చివర సారుది పెట్టి, ప్రశ్నకు జవాబు ఇంగ్లీషులో రాసింది. తెలుగులో చెప్పాలంటే అది ఇంతే:

"ఆ పదకొండు రోజుల అంకెలు నేను కల్పించినవి, తీసేశాను. మొదటి రచయిత్రి బావి మెట్ల మీద పడి కుడి మణికట్టు విరిగినందువల్ల ఆ రోజుల్లో కొలతలు లేవు. ఈ సంగతి రెండో రచయిత్రికి తెలియడానికి పట్టిన కాలం రెండేళ్ల నాలుగు నెలలు."