మా ఆయన కుడి కన్ను

ఇక్కడ కెనడాలో మా ఆయన నతానియేలు పద్నాలుగు రోజులు ఉత్తరాన ఆయిల్ క్యాంపులో ఉంటారు, ఏడు రోజులు ఎడ్మంటన్‌లో మా ఇంట్లో ఉంటారు. ఇది కంపెనీ లెక్క. నవంబర్లో నా లెక్క వేరు. ఆ ఏడింటిలో ఐదు రోజులు జింకల వేటకి పోతాయి. మిగిలిన రెండింటిలో ఒకటి నిద్రకి, ఒకటి ఆ వేట బట్టలు ఉతకడానికి. నేను ఎక్కువేం అడగడం లేదు. ఒక్క రోజు. ఇద్దరం లేచి, కాఫీ పెట్టుకుని, ఎదురెదురుగా కూర్చుని, ఎక్కడికీ పోయే పని లేని ఒక్క రోజు. మూడు నవంబర్ల నుంచి అడుగుతున్నాను. "ఈసారి తప్పకుండా, దయా" అంటారు. పాస్టరు గారు ప్రసంగంలో "చివరగా ఒక్క మాట" అంటారే, అలాంటి తప్పకుండా అది.

అలాంటి మనిషి తుపాకీకి స్కోప్, అంటే గురి చూసే దుర్భిణీ, నేనే కొనాల్సొచ్చింది. పాతది పోయిన ఏడాది ట్రక్కు మీంచి పడి, లోపల ఆవిరి పట్టింది. అందులోంచి చూస్తే జింకయినా కోదండరామ్ గారయినా ఒకేలా కనిపిస్తున్నారట. కోదండరామ్ గారు మా ఆయన వేట స్నేహితుడు, పరమ శాకాహారి. డబ్బా నిండా పులిహోర కలుపుకుని వేటకెళ్ళే మనిషిని ఆల్బర్టా రాష్ట్రం మొత్తం మీద నేను ఆయన్నొక్కణ్ణే చూశాను. బుధవారం సాయంత్రం మా ఆయన ఫ్లైట్ దిగుతారు, గురువారం తెల్లారకముందే ఇద్దరూ బయల్దేరతారు. షాపుకెళ్ళే టైమ్ లేదు కాబట్టి నాకు మెసేజ్ పెట్టారు: "ఆరొందల డాలర్ల లోపు. మరీ చవకది వద్దు, మరీ ఖరీదైందీ వద్దు. ముందు అద్దం యాభై మిల్లీమీటర్లు ఉండాలని కోదండరామ్ అంటున్నాడు. నువ్వు ఫిజిక్స్ కదా, చూడు."

మచిలీపట్నంలో నేను చదివిన బీయస్సీ ఫిజిక్సు పెళ్ళిచూపుల తర్వాత ఆయనకి గుర్తు రావడం ఇదే. కిచెనర్లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి అబిగేల్‌ని సలహా అడిగాను. "అమ్మా, జస్ట్ గెట్ హిమ్ సాక్స్" అని పెట్టేసింది.

మంగళవారం షాపుకెళ్ళాను. గోడల నిండా కొమ్ముల తలలు. అన్నీ నేను లోపలికి రావడం చూసినట్టే ఉన్నాయి. కౌంటర్ వెనక అరవై దాటిన ఆవిడ, చొక్కా మీద బెవ్ అని పేరుంది. కుడి కనుబొమ్మ మీద నెలవంకలాగా పాత మచ్చ. రబ్బరు పట్టా మీద మూడు స్కోపులు వరసగా పెట్టింది.

"ఈ చవకది మిట్టమధ్యాహ్నం చక్కగా కనిపిస్తుంది. జింకలు మిట్టమధ్యాహ్నం రావు," అంది. "ఈ చివరిది కొంటే మీ ఆయన నలుగురికీ చూపించుకోవచ్చు. ఇక ఈ మధ్యదాని సంగతి చూడాలంటే ఆయన సంగతి నాకు కొంచెం తెలియాలి."

డాక్టరు దగ్గర కొత్త ఫైలు తెరిచినట్టు మొదలుపెట్టింది.

"ఏ కంటితో గురి చూస్తారు?"

ఆయన గురి చూడగా నేనెప్పుడూ చూడలేదు. కానీ సూదిలో దారం ఎక్కించేటప్పుడు మూసేది ఎడమ కన్ను. "కుడి," అన్నాను.

"కళ్ళజోడు?"

"ఉంది. చదివేటప్పుడు తీసేస్తారు. తీసి ఎక్కడ పెట్టారో నన్నడుగుతారు."

"మెడ?"

"పొడుగు. ఎడమవైపుకి తిరగదు. అటునుంచి పిలిస్తే మనిషి మొత్తం తిరుగుతారు."

"వయసు?"

"యాభై మూడు."

ఆవిడ అడగడం అయిపోయింది. నేను చెప్పడం అవలేదు. చలిగాలికి ఆ కుడి కంట్లోంచి నీళ్ళు కారతాయని, దానికి జేబురుమాలు ఉన్నా చొక్కా చేతితోనే తుడుచుకుంటారని చెప్పాను. నిద్ర లేచాక కాసేపటిదాకా ఆ కన్ను సగమే తెరుచుకుంటుందని, అప్పుడు ఏమడిగినా సరేనంటారని చెప్పాను. నవ్వితే ముందు అదే మూసుకుపోతుందని కూడా చెప్పాను. గొంతులో ఏం తేడా వచ్చిందో ఏమో, బెవ్ అద్దం తుడవడం ఆపింది. నా చేతి మీద చెయ్యి వేసి, "ఆయన పోయి ఎన్నాళ్ళయింది?" అంది.

"రేపు సాయంత్రం వస్తారు," అన్నాను.

బెవ్ చెయ్యి తీసేసి, మళ్ళీ అద్దం తుడవడం మొదలుపెట్టింది.

ఇద్దరం కాగితం, పెన్ను తీసుకుని కూర్చున్నాం. ముందు అద్దం వెడల్పుని, స్కోప్ ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో ఆ అంకెతో భాగిస్తే, కంటిలోకి వచ్చే వెలుగు చుక్క ఎంతో తెలుస్తుంది. నలభై మిల్లీమీటర్ల అద్దం, ఎనిమిది రెట్లు, అంటే ఐదు. యాభై దాటినవాళ్ళ కంటిపాప మసకచీకట్లో కూడా ఇంచుమించు అంతే తెరుచుకుంటుంది. కోదండరామ్ గారి మాట విని యాభై మిల్లీమీటర్లది కొంటే, అదనంగా వచ్చే వెలుగు ఆయన కంటి చుట్టూ ఒలికిపోతుందే తప్ప లోపలికి పోదు. మధ్యరకం నలభైదే తీసుకున్నాను.

"బిగించడం మాత్రం ఒక్కరి పని కాదు," అంది బెవ్ ప్యాక్ చేస్తూ. "ఆయన తుపాకీకి చెంప ఆనించి కళ్ళు మూసుకోవాలి. తెరిచేసరికి నిండు గుండ్రంగా కనిపించాలి. కనిపించకపోతే రెండోవాళ్ళు స్కోప్‌ని ముందుకో వెనక్కో జరపాలి. కంటికి మరీ దగ్గరగా బిగిస్తే, పేలినప్పుడు తుపాకీ వెనక్కి తన్ని ఇలా అవుతుంది." కనుబొమ్మ చూపించింది. "మా మొదటాయన జరిపాడు. తొందరెక్కువ."

సాయంత్రం క్యాంపుకి ఫోన్ చేశాను.

"కొన్నాను. నలభైది."

"కోదండరామ్ యాభై అన్నాడే."

"ఆయన కన్ను ఆయనిష్టం. మీ కంటికి ఇది చాలు." తర్వాత నేను అనుకోకుండానే అడిగేశాను. "నన్నూ తీసుకెళ్ళకూడదా?"

"మైనస్ పదిహేను, దయా. నాలుగేసి గంటలు కదలకుండా, మాట్లాడకుండా కూర్చోవాలి."

"ఇక్కడ పద్నాలుగు రోజులు నేను చేస్తున్న పని అదే కదండీ."

 సిగ్నల్ బాగా లేదన్నారు. నాకు మటుకు ఆయన ఊపిరి కూడా వినిపిస్తూనే ఉంది.

బుధవారం వచ్చారు. చేపల పులుసుతో అన్నం తిన్నారు, బావుందన్నారు. ఆరున్నరకల్లా ఇద్దరం బేస్‌మెంట్లోకి దిగాం. ఆయన బీరువా తాళం తీసి, తుపాకీ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, తూటా ఎక్కించే బోల్ట్ ఊడదీసి పక్కన పెట్టారు. ఉత్త గోడవైపు తిప్పి, టేబుల్ మీద మోచేతులు ఆనించి చెంప పెట్టారు. నేను పక్క స్టూల్ మీద స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చున్నాను.

"కళ్ళు మూసుకోండి. ఇప్పుడు తెరవండి."

"చుట్టూ నల్లగా ఉంది."

ముందుకి జరిపాను. "ఇప్పుడు?"

"ఓ పక్కన ఇంకా నలుపుంది."

స్కోప్‌ని జరపాలంటే నా మొహం ఆయన మొహానికి జానెడు దూరంలో పెట్టక తప్పదు. ఒంటి మీద క్యాంపు సబ్బు వాసన. చెవి దగ్గర నాలుగు తెల్లవెంట్రుకలు, పోయిన నెల లేనివి. మూసుకున్న రెప్ప కింద కనుగుడ్డు అటూ ఇటూ కదులుతోంది. ఈ పద్నాలుగు రోజులూ ఏం చూసిందో నాకు తెలియదు. అంత దగ్గరగా, అంత తీరిగ్గా ఆ మనిషిని చూసి ఎన్నాళ్ళయిందో లెక్కపెట్టబోయి మానేశాను.

మూడోసారి కన్ను తెరవగానే, "ఆ," అన్నారు చిన్నగా. కుదిరిందని నాకూ తెలిసింది. స్క్రూలు బిగించాలి. నేను రెండు మిల్లీమీటర్లు వెనక్కి జరిపాను.

"మళ్ళీ మూసుకోండి."

మూసుకున్నారు. తెరిచారు. "ఇందాక బానే ఉన్నట్టుందే?"

"ఉందా?"

"ఉందనుకుంటా."

"అనుకుంటే సరిపోదు. కనుబొమ్మ పగులుతుంది."

తల ఎత్తకుండానే ఆ కుడి కన్నుని నావైపు తిప్పి చూశారు. నేను స్క్రూ వైపు చూశాను. ఆయన మళ్ళీ చెంప ఆనించి కళ్ళు మూసుకున్నారు. జరిపాను. అలా నాలుగుసార్లు. ఒకసారి నల్లగా ఉందన్నారు, నిజానికి ఉండే అవకాశం లేదు.

ఏడున్నర అవుతుండగా టేబుల్ మీద ఆయన ఫోన్ మోగింది. స్పీకర్లో పెట్టాను.

"ఏమండీ నతానియేలు గారూ, పొద్దున నాలుక్కి మీ ఇంటి ముందుంటాను. రెడీయేనా?" అన్నారు కోదండరామ్ గారు.

మా ఆయన తుపాకీ మీంచి చెంప తియ్యలేదు. "రేపు అవదండీ. స్కోప్ ఇంకా కుదరలేదు."

"అదెంతసేపండీ, పావుగంట పని."

"మా ఆవిడ జరుపుతోంది. కంటి దగ్గర వ్యవహారం, తొందరపడకూడదంటోంది. రేపంతా పట్టేలా ఉంది. శుక్రవారం వెళ్దాం."

"రేపంతానా? మరి నేను పులిహోర కలిపేశానే."

"ఊరితే ఇంకా బావుంటుంది. ఉంటానండీ."

ఫోన్ ఆగిపోయింది.  ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ ఆన్ అయిన చప్పుడొకటే వినిపించింది. నేను స్క్రూడ్రైవర్ మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను.

"మూసుకున్నాను," అన్నారు ఆయన. "జరుపు."