రాజన్న గడప తాకిన వాల్వు

వారం రోజులుగా లింగమూర్తికి అన్నం సయించడం లేదు. కరీంనగర్‌లో ముగ్గురు పనివాళ్ళతో నడిచే అతని కార్ఖానాలో కొత్త వాల్వు ఒకటి తయారైంది. బావిలో పైపు అడుగున బిగిస్తే ఇంజను ఆగినా నీళ్ళు జారవు. పొద్దున్నే ఆడవాళ్ళు బిందెలు మోసుకొచ్చి పంపులో పోయనక్కరలేదు. వెనక బావిలో, తలుపులు మూసి పరీక్షించారు. అది నచ్చితే కార్ఖానాలో పెట్టుబడి పెడతామని జర్మనీ కంపెనీ ఒకటి రాసింది. బొంబాయి నుంచి వాళ్ళ ఏజెంటు పన్నెండు రోజుల్లో వస్తాడు.

పేటెంటు దరఖాస్తు కలకత్తాకు పోయింది, రసీదు రాలేదు. "అక్కడ తేదీ పడకముందే లోపలి పనితనం నలుగురి కంటా పడితే హక్కు పోయినట్టే" అని హైదరాబాదు వకీలు హెచ్చరించాడు.

తల్లి కిష్టవ్వది ఇంకో పట్టు. కార్ఖానాలో ఏ కొత్త వస్తువు చేసినా మొదటిది వేములవాడ రాజన్న గుడి గడప తాకాకే బయటివాళ్ళకు చూపడం వాళ్ళింటి ఆనవాయితీ.

"పై సోమారం పోదాం అవ్వా, రసీదు రానీ."

"పోయిన సోమారం గూడ గిట్లనే అన్నవ్. దేవునికన్న ముందుగాల బొంబాయి దొరకు జూపెడ్తవా?"

కిష్టవ్వ పాత చీర ముక్కలో వాల్వును చుట్టి గట్టిగా ముడేసింది.

"కొత్త పెండ్లికూతురు లెక్క ముసుగేసిన. ఎవడు జూస్తడో నేనూ జూస్త."

బస్సులో పక్క సీటు రైతు మూటను పక్కకు జరపబోయాడు. "గింత బరువేందవ్వా, బంగారమా?"

"బంగారమైతె నీ పక్కన ఎందుకు కూసుంట? మోటరు కారే కొందు."

బస్సంతా నవ్వింది. లింగమూర్తి మాత్రం నవ్వలేదు.

గుడిలో వరస చూసే మనిషి మూట విప్పమన్నాడు. వెనకవాళ్ళు మెడలు చాచారు. లింగమూర్తి ముడిని గుప్పిట పట్టేశాడు. ముసలి పూజారి ఆ చేతిని చూసి, మెల్లగా పక్కకు జరిపి, ముడి మీదే కుంకుమ పెట్టాడు.

"రాజన్నకు మూటిప్పి సూపెట్టాల్నా ఏంది? గడపకు తాకియ్యి, పో."

రసీదు ఏజెంటు వచ్చే రోజు పొద్దున టపాలో వచ్చింది. దాని మీద పడిన తేదీ, వాళ్ళు వేములవాడ పోయిన మర్నాటిది.

ఏజెంటు కూర్చోకముందే అడిగాడు. "దీన్ని ఎక్కడైనా ఎవరికైనా చూపించారా? రేపు ఎవడైనా ఇదే పోత పోసి అమ్ముకోగలిగితే మా వాళ్ళు ఇక్కడ డబ్బెందుకు పెడతారు?"

లింగమూర్తి తల్లి వైపు చూశాడు. "లేదు సాబ్. దేవునికి గూడ మూటల్నే."

ఏజెంటు రసీదు రెండుసార్లు చదివాడు. "హక్కు చేతికి రావడానికి ఇంకా సమయం పడుతుంది. కానీ ఈ తేదీ మీది, దీని తర్వాత ఎవడు దరఖాస్తు వేసినా మీ వెనకే. ఈ రాత్రే జర్మనీకి రాస్తాను. ఏదీ, వాల్వు?"

కొడుకు చెయ్యి చాచేలోగా కిష్టవ్వ మూటను ఒళ్ళోకి లాక్కుంది.

"ఆగు. ముడి నేనిప్పుత."

ఆమె గోళ్ళ కింద ఎండిన కుంకుమ రాలింది. ఏజెంటు వాల్వు మీదికి వంగాడు. లింగమూర్తి మాత్రం గాలికి ఎగురుతుందేమోనని రసీదు మీంచి అరచెయ్యి తీయలేదు.