రెండోదే బాగుంది

సాయంత్రం కింద షాపు షట్టరు దించిన చప్పుడు వినగానే మంచం దిగుతాను. కుట్టాల్సిన కర్టెన్ల గుట్టను మిషనుకు ఎడమ పక్క నుంచి తీసి కుడి పక్కన పెడతాను. మర్నాడు కుడి నుంచి ఎడమకి. నాలుగు దారం ముక్కలు కత్తిరించి మోచేతికి అంటించుకుంటాను. అతను మెట్లెక్కి వచ్చేసరికి, పొద్దుటినుంచీ వంచిన నడుం ఎత్తనిదానిలా మిషను ముందు కూర్చుని ఉంటాను. లేచి మొహం కడుక్కోవడానికే చేతకాని మనిషికి ఇంత నాటకం ఆడే ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుందో నాకే తెలియదు. సిగ్గును మించిన టానిక్కు లేదనుకుంటాను.

అతనిది కళ్లజోళ్ల షాపు. కళ్లు పరీక్ష చేసి, అద్దాలు అరగదీసి, ఫ్రేముల్లో బిగించి ఇస్తాడు. షాపు మీదున్న రెండు గదుల్లో మేమిద్దరం ఉంటాం. పెళ్లి చేసుకుందాం చేసుకుందాం అనుకుంటూ ఉండగానే నాకీ జబ్బు వచ్చిపడింది. డాక్టరమ్మ డిప్రెషన్ అంది. నాకైతే తడిసిన పరుపు వీపు మీద వేసుకుని తిరుగుతున్నట్టుంది.

మొదట్లో అతను "ఎలా ఉన్నావ్?" అని అడిగేవాడు. ఏం చెప్పాలో తోచక ఏడ్చేదాన్ని. చివరికి తన వృత్తిలోంచే ఒక ఉపాయం తీశాడు. కళ్ల పరీక్షలో ఎంత బాగా కనిపిస్తోందని ఎవరూ అడగరట. ఒక అద్దం పెట్టి, తీసి, ఇంకోటి పెట్టి, "ఇదా, అదా? ఏది నయం?" అని అడుగుతారట.

"మనమూ అంతే చేద్దాం," అన్నాడు. "నిన్నా, ఇవాళా? ఏది నయం? రెండూ ఒకటే అన్నా ఫర్వాలేదు. అదీ జవాబే."

కొన్నాళ్లు నిజమే చెప్పాను. "నిన్నే నయం" అన్నప్పుడల్లా అతను ఆ పూట భోజనం సగంలో లేచిపోయేవాడు. ఒకరోజు ఏదో పరాకులో "ఇవాళే" అన్నాను. అతని మొహం చేటంత అయింది. ఆ మొహం చూశాక మళ్లీ "నిన్నే" అనడానికి నాకు నోరు రాలేదు. అప్పట్నుంచి రోజూ "ఇవాళే". ఆ లెక్కన ఈపాటికి ఈ ఊళ్లో నాకన్నా సుఖంగా ఉన్న మనిషి ఉండకూడదు.

అబద్ధం ఒంటరిగా ఉండదు, సంసారం పెడుతుంది. డాక్టరు దగ్గరికి అతనే తోడొచ్చాడు. "రోజురోజుకీ నయం, డాక్టరుగారూ!" అని అతను సంబరంగా చెబుతుంటే నేను తేలు కుట్టిన దొంగలా పక్కన కూర్చున్నాను. ఆవిడ సంతోషించి మాత్రలు తగ్గించింది. ఆ ధైర్యంతోనే అతను ఇంకో పని చేశాడు. ఊరూరా తిరిగి కళ్లు పరీక్షించే వ్యాను ఒకటుంది. అందులో ఆర్నెల్లు పనిచెయ్యాలని అతనికి ఎప్పట్నుంచో కోరిక. కిందటిసారి పిలిస్తే నాకోసం వద్దన్నాడు. ఈసారి సరేనన్నాడు. వచ్చే వారమే ప్రయాణం.

వెళ్లమని పోరింది కూడా నేనే. నా మొహం చూడకుండా కొన్నాళ్లయినా హాయిగా ఉంటాడు కదా అనుకున్నాను. కానీ అతను లేకపోతే సాయంత్రం నాకోసం దిగే షట్టరు ఉండదు. ఆ చప్పుడు వెనకే అతను మెట్లెక్కి రాకపోతే నేను మంచం దిగను. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు.

సెలవురోజున వాళ్లక్క వచ్చింది. తమ్ముడు లేనన్నాళ్లూ షాపు ఆవిడే చూసుకోవాలి. పెళ్లి కాకముందే ఆవిడ నాకు వదినైపోయింది. ఆ అధికారం ఆవిడ ఎంతమాత్రం వృథా పోనివ్వదు. వస్తూనే కర్టెన్ల గుట్ట మీద చెయ్యి వేసింది.

"ఇదేంటమ్మాయ్, కిందటిసారి నేనొచ్చినప్పుడూ ఈ నీలం గుడ్డే కదా? ఒక్క అంచు కూడా మడవలేదే!"

అతను నావైపు చూస్తున్నాడు.

"కళ్లు సరిగ్గా కనిపించట్లేదు వదినా. సూదిలో దారం ఎక్కట్లేదు," అన్నాను.

కళ్లజోళ్లవాడి ఇంట్లో కూర్చుని చెప్పాల్సిన అబద్ధమేనా అది!

"బాగుందిరా వరస! ఊరందరికీ జోళ్లు పెడతావు, ఇంట్లో పిల్లకి కళ్లు కనపడవట. ముందు కిందకి తీసుకెళ్లి చూడు," అని వదిన నన్ను మెట్ల దాకా తోసింది.

పరీక్ష గదిలో నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, బరువైన గుండ్రటి ఫ్రేము ముక్కు మీద పెట్టాడు. లైటు ఆర్పేశాడు. ఎదుటి గోడ మీద అక్షరాల బోర్డు ఒక్కటే వెలుగుతోంది. వెలుతురుంటే జనం బోర్డు చూడరు, తన మొహం చూసి జవాబు చెబుతారని అతను అనేవాడు.

అద్దం టక్కున పడింది. "ఇదా..." తీశాడు, మళ్లీ పెట్టాడు. "అదా?"

అన్ని అక్షరాలూ ముత్యాల్లా కనిపిస్తున్నాయి. కనిపిస్తున్నాయంటే దొరికిపోతాను. "రెండోదే బాగుంది," అన్నాను.

"ఇప్పుడు? ఇదా, అదా?"

"రెండోదే."

"ఇప్పుడు?"

"రెండోదే ఇంకా బాగుంది."

అద్దాల పెట్టె మూసిన చప్పుడు వినిపించింది.

"మూడుసార్లూ ఒకటే అద్దం పెట్టాను," అన్నాడు. "అదీ ఉత్త గాజు. మొహమాటస్తుల్ని పట్టుకోవడానికి అలా చేస్తాను. నేను కష్టపడుతున్నానని జాలిపడి, ఏదో ఒకటి బాగుందనేస్తారు."

నేను బోర్డు మీది అక్షరాలు లోలోపలే చదువుకుంటున్నాను.

"రోజూ నాకు చెప్పేది కూడా ఇదేనా?"

"ఊఁ."

"మంచమేనా పగలంతా?"

"ఊఁ."

"మాత్రలు తగ్గించారు! నేను చెప్పబట్టి తగ్గించారు. నీ అబద్ధం నా నోటితో చెప్పించావు. నన్ను కూడా మొహమాటపడాల్సిన పరాయివాణ్ణి చేసేశావా?"

అతను నామీద గొంతు పెంచడం అదే మొదలు. ఆ కోపానికి నేను పూర్తిగా తగినదాన్ని. క్షమించమందామని నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"ఇవాళే నయం అన్నప్పుడు నీ మొహం ఎలా వెలుగుతుందో నీకు తెలీదు. నీకిచ్చేందుకు నా దగ్గర ఇంకేం మిగల్లేదు. అదొక్కటే ఇవ్వగలిగాను."

అతను స్టూలు లాక్కుని నా పక్కన కూర్చున్నాడు.

"ఊళ్లోవాళ్లని లైటు ఆర్పి అడుగుతాను," అన్నాడు మెల్లగా. "నిన్ను మాత్రం లైటు వేసి, నీ ఎదురుగా కూర్చుని అడిగాను."

పైనుంచి వదిన కేక పెట్టింది. "కుదిరాయా అద్దాలు?"

"ఇంకా చూస్తున్నాం అక్కా!"

మళ్లీ నావైపు తిరిగాడు. "నిన్నా, ఇవాళా?"

అతని మొహం ఎలా ఉందో చూద్దామన్నా కనిపించలేదు. "నిన్నే నయం," అన్నాను. "మొన్న ఇంకా నయం. మాత్రలు తగ్గించినప్పట్నుంచీ దిగజారుతూనే ఉంది."

"సరే. పొద్దున్నే డాక్టరుగారి దగ్గరికి వెళ్దాం. నేను పక్కనుంటాను. మాట్లాడేది మాత్రం నువ్వే."

"మరి వ్యాను?"

"ఇప్పుడు రాలేనని చెప్తాను. వేరేవాణ్ణి పెట్టుకుంటారు."

"నీకు బాధగా లేదూ?"

అదేం లేదులే అంటాడనుకున్నాను. అనాలనీ కోరుకున్నాను.

"బాధే," అన్నాడు. "చాలా బాధగా ఉంది."

ఆ బాధ నేను పెట్టిందే, ఎవరెంత ఊరడించినా అది మారదు. అతను ఊరడించలేదు కూడా. నా చెయ్యి పట్టుకుని అలాగే కూర్చున్నాడు. అతని వేళ్లకి అద్దాలు అరగదీసిన పొడి ఇంకా గరగరలాడుతోంది.

"లైటు వెయ్యనా?" అన్నాడు కాసేపటికి.

"వద్దు, ఉండు. ఇంకా చెప్పాల్సింది ఉంది."

ముక్కు మీద ఆ ఫ్రేము అలాగే ఉంది. కర్టెన్ల గుట్ట దగ్గర్నుంచి మొదలుపెట్టాను.