బట్టల కుర్చీ

“నీదేముందిలే, వెళ్ళి నిలబడి రావడమేగా!”

ఆయన ఆ మాట పళ్ళెంలోంచి తల ఎత్తకుండా అన్నాడు. కోపంగా అనలేదు, వెటకారంగానూ అనలేదు. ఈవేళ ఎండ బాగా కాస్తోంది అన్నంత మామూలుగా అన్నాడు. సీను పెద్దది, రావడం ఆలస్యం కావచ్చు అని ఆమె చెప్పినందుకు అది జవాబు. ఆ వెంటనే “కూరలో ఉప్పు తగ్గింది” అని కూడా అన్నాడు. ఆమె వంటింట్లోకి వెళ్ళి ఉప్పు డబ్బా తెచ్చి ఆయన చేతి పక్కన పెట్టింది. వెళ్ళేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి కుడి మోకాలు చురుక్కుమంది. పైకి మాత్రం నవ్వు ముఖమే. ఆ మాత్రం చెయ్యలేకపోతే ఇన్నేళ్ళుగా నటి అనిపించుకోవడం దేనికి?

ఆ భోజనాల బల్లకు నాలుగు కుర్చీలు. ఒకటి ఆయనది. రిటైరైన దగ్గర్నుంచి ఆయన కొలువంతా అందులోనే. ఒకటి కొడుకుది. ఒకటి కోడలిది, కాకపోతే కోడలు అందులో కూర్చునేది తక్కువ, లేచేది ఎక్కువ. నాలుగోది బట్టలది. ఇస్త్రీ అయినవి, కావలసినవి, మడత పెట్టాల్సిన తువ్వాళ్ళు, జత దొరకని సాక్సు, అన్నీ ఆ కుర్చీలోనే. ఆ ఇంట్లో దాని పేరే బట్టల కుర్చీ. ఎవరూ పనిగట్టుకుని అలా చెయ్యలేదు, పాపం. ఆమె కూర్చోదు కదా అని అక్కడ బట్టలు పెట్టారు, బట్టలున్నాయి కదా అని ఆమె కూర్చోలేదు. అలా ఏళ్ళు గడిచిపోయాయి. అందరూ తిన్నాక వంటింటి గట్టుకు ఆనుకుని, గిన్నెలో మిగిలింది గిన్నెలోనే తినేసి చెయ్యి కడుక్కోవడం ఆమెకు అలవాటు. ఈవేళ అదీ కుదరలేదు. కంపెనీ కారు వచ్చి గుమ్మం ముందు హారన్ కొట్టింది.

సినిమావాళ్ళు ఆమెను ట్రేయమ్మ అంటారు. అసలు పేరు సినిమా చివర చకచకా పైకి పోయే వరుసలో ఉంటుంది, చదివేలోపు దాటిపోతుంది. ఇంకా రెండు జడల వయసులో మొదటిసారి కెమెరా ముందుకు వచ్చినప్పుడు చేతికి ట్రే ఇచ్చి, హాల్లోకి నడిచి, కప్పులు బల్ల మీద పెట్టి వెళ్ళిపొమ్మన్నారు. ఆ పిల్ల ఎంత ముచ్చటగా వెళ్ళిపోయిందంటే, వెంటనే ఇంకో సినిమాలో అదే పనికి పిలిచారు. “ఆ ట్రే అమ్మాయేదీ?” అని వెతికేవాళ్ళు మొదట్లో. ముప్ఫై నిండకుండానే తనకంటే పెద్దవాడైన హీరోకి తల్లయింది, అప్పట్నుంచి ట్రేయమ్మ అయింది. ఆ హీరో ఇప్పటికీ హీరోయే. ఈమె మాత్రం ఆయనకు తల్లి అయి, నాయనమ్మ కూడా అయి, సినిమాలు తగ్గాక టీవీ సీరియళ్ళలోకి వచ్చి పడింది. ఆమె నడిచిన నడకంతా కలిపితే ఓ దేశం చుట్టి రావచ్చు. తీరా చూస్తే అదంతా వంటింట్లోంచి హాల్లోకే.

కారు కిటికీకి తల ఆనించి ఆమె అదే ఆలోచిస్తూ కూర్చుంది. నిలబడి రావడమేగా! ఆ మాట ఆయన కనిపెట్టింది కాదు, వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్నాడు. అత్తగారు మనిషి చెడ్డది కాదు. “నటించుకో తల్లీ, నేనెందుకు వద్దంటాను? పొయ్యి మీది పని అయ్యాక నీ ఇష్టమొచ్చినట్టు నటించుకో” అనేది. షూటింగు నుంచి వచ్చి మేకప్పు ముఖంతోనే టీ పెట్టబోతే, “ముందు ఆ రంగు కడుక్కుని రా, కప్పులకు అంటుకుంటుంది” అనేది. ఇక ఆయన. ఇంటికెవరొచ్చినా ఛాతీ విరుచుకుని “మా ఆవిడ ఆర్టిస్టండీ” అని చెప్పి, ఆ వెంటనే లోపలికి తిరిగి “ఆర్టిస్టుగారూ, నాలుగు టీలు!” అని కేక వేసేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది. నిజం చెప్పొద్దూ, ఆయన ఆ డైలాగు బాగానే చెప్తాడు, టైమింగ్ ఉంది. తర్వాత ట్రే పట్టుకుని వస్తుంటే మాత్రం ఆమెకు ఒక్కోసారి అర్థమయ్యేది కాదు, ఇది సెట్టా, ఇల్లా అని. సెట్లో కప్పులు ఖాళీవి, ఇంట్లో నిండువి. సెట్లో ఎవరో ఒకరు “కట్” అంటారు, ఇంట్లో ఆ మాట అనే దిక్కు లేదు.

ఒకే ఒక్క సినిమాలో ఆమెకు జడ్జి వేషం దొరికింది. రోజంతా ఎత్తైన కుర్చీ, ముందు సుత్తి, కింద నిలబడి చేతులు కట్టుకున్న మగవాళ్ళు. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ నడుము నిటారుగా అవుతుంది. ఆ సినిమా టీవీలో వచ్చినప్పుడు ఇంటిల్లిపాదీ చూడటానికి కూర్చున్నారు. ఆమె టీ పెడుతోంది. “రా రా, నువ్వొచ్చావు!” అని కేకలు వేశారు. ట్రేతో హాల్లోకి వచ్చేసరికి తీర్పు అయిపోయింది.

ఇప్పటి సీరియల్లో ఆమె ముగ్గురు కొడుకుల తల్లి. అందులోనూ ఓ పెద్ద భోజనాల బల్ల ఉంది. అక్కడా కొడుకులు కూర్చుంటారు, ఈమె గరిటె పట్టుకుని వెనక నిలబడుతుంది. అది ఆ సీరియల్ ఒక్కదాని సంగతి కాదు, అన్ని సీరియళ్ళలోనూ తల్లి అలాగే నిలబడుతుంది. బల్ల చివర చేతులున్న పెద్ద కుర్చీ ఒకటి ఖాళీగా ఉంటుంది. అది ఆమె భర్త కుర్చీ. ఆ వేషం వేసిన పెద్దాయన కంటి ఆపరేషనుకు సెలవడిగాడు. ఆపరేషన్ అయి వచ్చి చూసుకుంటే గోడ మీద దండేసిన ఫోటో అయిపోయి ఉన్నాడు. “కాస్త మంచి ఫోటో అయినా పెట్టలేకపోయారా!” అని ట్రేయమ్మకు ఫోన్ చేసి నవ్వాడు గానీ, ఆ నవ్వులో ఏడుపు ఆమెకు వినపడింది. సీరియళ్ళలో ముసలివాళ్ళకు సెలవుండదు, ఫోటో ఉంటుంది. అందుకే మోకాలి సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆమెకు ఈ పనంటే ప్రాణం. ఆ లైట్ల వేడి, ఆ మేకప్పు వాసన, “అమ్మగారూ, షాట్ రెడీ” అన్న పిలుపు, ఇవి లేని రోజును ఊహించుకుంటే ఆమెకు భయం వేస్తుంది. ఎలాగోలా నిలబడగలిగినన్నాళ్ళూ నిలబడాలి.

ఈవేళ సీనులో పెద్దకొడుకు అందరూ భోంచేస్తుండగా ఇల్లు అమ్మేస్తున్నానని చెప్పాలి. పేజీడు డైలాగు. తల్లి వడ్డన ఆపి, కళ్ళనీళ్ళు కుక్కుకుని, “నీ ఇష్టం నాన్నా, నేనెవర్ని చెప్పడానికి?” అనాలి. ఆమెకు మొత్తం సీనులో అదొక్కటే మాట. కానీ పెద్దకొడుకు వేషం వేసే అబ్బాయి అందగాడు, మంచివాడు, డైలాగు మాత్రం నోట నిలవదు. ఒకసారి తమ్ముడి పేరు మర్చిపోయాడు. ఒకసారి ఇల్లు అమ్మేస్తున్నాననడానికి బదులు కొనేస్తున్నానన్నాడు. ప్రతిసారీ మళ్ళీ మొదట్నుంచి. ప్రతిసారీ ట్రేయమ్మ గరిటెతో బల్ల చుట్టూ తిరగాలి. పొద్దున్నుంచి కడుపులో ఏమీ లేదు. మోకాలు చురుక్కుమనడం మానేసి మండటం మొదలుపెట్టింది. “సారీ అమ్మా” అని ఆ అబ్బాయి పాపం చెమటలు తుడుచుకుంటున్నాడు. “ఫర్వాలేదు నాన్నా, ఊపిరి పీల్చుకుని చెప్పు” అంది. ఆమె మాత్రం ఊపిరి బిగబట్టుకుని ఉంది.

ఇంకో టేకు. ఈసారి ఏం పూనిందో ఏమో, అబ్బాయి గడగడా చెప్పుకుపోతున్నాడు. ఒక్క తప్పు లేదు. సెట్లో అందరూ కదలకుండా చూస్తున్నారు. ట్రేయమ్మ బల్ల చివరికి వచ్చింది. అక్కడ మోకాలు ఇక నావల్ల కాదంది. పక్కన ఖాళీ కుర్చీ ఉంది. ఆలోచించలేదు, సాహసం చెయ్యలేదు, కూర్చుంది అంతే. చచ్చిపోయిన భర్త కుర్చీలో, ఆయన ఫోటో కింద, రెండు చేతులూ కుర్చీ చేతుల మీద వేసి కూర్చుంది.

కొడుకులు ముగ్గురూ నోళ్ళు తెరిచారు. అది నటన కాదు. ఇప్పుడు డైరెక్టరు “కట్” అంటాడు, నా పని అయిపోయింది, నా ఫోటో ఎక్కడ పెడతారో, ఆయన పక్కనే పెడతారు కాబోలు, అనుకుంది ఆమె. కానీ డైరెక్టరు ఏమీ అనలేదు. పోయేదెలాగూ పోతుంది, ఆకలితో పోవడం ఎందుకనిపించింది. ఎదుట ఉన్న పళ్ళెం దగ్గరికి లాక్కుని కూర వడ్డించుకుంది. సెట్లో పెట్టిన తిండి ఎవరూ తినరు, నమిలినట్టు నటిస్తారు. ఆమె నిజంగా తింది. చల్లారిపోయింది గానీ, కూర్చుని తింటే ఇంత రుచిగా ఉంటుందా! అబ్బాయి డైలాగు చివరిదాకా చెప్పేసి ఆమె వైపు చూశాడు. ఆమె మెల్లగా నమిలి, మింగి, నీళ్ళు తాగి, తలెత్తింది.

“నీ ఇష్టం నాన్నా. నేనెవర్ని చెప్పడానికి?”

కళ్ళనీళ్ళు రాలేదు. వాటికి తీరిక లేదు. పెద్దకొడుకు ఏమనుకున్నాడో, తనకు తెలియకుండానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. అది సీనులో లేదు.

“కట్!”

డైరెక్టరు గొంతు సవరించుకుని, “అమ్మగారూ, బ్రహ్మాండంగా ఉంది. కానీ సేఫ్టీకి ఇంకొక్క టేకు, నిలబడి...” అన్నాడు.

“నావల్ల కాదు సార్!” అని పెద్దకొడుకు దాదాపు ఏడ్చాడు. “ఇంకోసారి ఆ డైలాగు రాదు. ఇప్పుడెలా వచ్చిందో నాకే తెలీదు.”

అప్పుడు కంటిన్యుయిటీ చూసే ఆవిడ ముందుకు వచ్చింది. కళ్ళజోడు మెడలో వేలాడేసుకుని, ఏ షాట్లో ఎవరి చెయ్యి ఎక్కడుందో, ఏ గ్లాసులో నీళ్ళెంతున్నాయో ఫోన్లో ఫోటోలు తీసి పెట్టుకునే మనిషి. ఆవిడ మాటంటే డైరెక్టరుకూ హడలే. “ఇది ఉంచితే ఇక మిగతా షాట్లన్నిట్లోనూ అమ్మగారు కూర్చునే ఉండాలి. రేపటి సీను కూడా ఈ భోజనమే” అంది. “ఒకసారి కూర్చున్న మనిషి కారణం లేకుండా లేవకూడదు సార్. చూసేవాళ్ళు అడుగుతారు.”

“మరి లేవడానికి ఏదైనా కారణం పెడదామా?” అన్నాడు డైరెక్టరు.

“ఏం కారణం?” అందావిడ. గరిటె పెద్దకొడుకు చేతికందేంత దూరంలోనే ఉంది. కూర గిన్నె బల్ల మధ్యలో ఉంది. అందరికీ చేతులున్నాయి. డైరెక్టరు బల్ల చుట్టూ ఓసారి తిరిగి, ఆలోచించి, నవ్వేసి, “పెద్దాయన కుర్చీ ఇక అమ్మగారిదే. రచయితకు నేను చెప్తా” అన్నాడు. ఆ రోజంతా ట్రేయమ్మ కూర్చునే నటించింది. మోకాలు కూడా సంతోషించింది. మధ్యలో ఒకసారి గోడ మీద ఫోటో వైపు చూసి, మీ కుర్చీ బాగుందండీ అని మనసులో అనుకుంది. సాయంత్రం కారు ఎక్కుతుంటే ఓ ఆలోచన వచ్చింది. వచ్చాక ఇంటిదాకా వదల్లేదు, నవ్వు కూడా ఆగలేదు. డ్రైవరు అద్దంలోంచి రెండుసార్లు చూశాడు.

ఇంటికి వచ్చేసరికి బల్ల దగ్గర ఆయన, కొడుకు సిద్ధంగా కూర్చుని ఉన్నారు. కోడలు ఆఫీసు బట్టలతోనే గిన్నెలు తెచ్చి పెడుతోంది. “వచ్చావా! పద పద, ఆకలేస్తోంది” అన్నాడాయన. ఆమె చేతులు కడుక్కుంది. గిన్నెలన్నీ బల్ల మధ్యకు జరిపింది. తర్వాత బట్టల కుర్చీ దగ్గరికి వెళ్ళి, ఆ కుప్పనంతా రెండు చేతులా ఎత్తి, తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది. పైన ఉన్న ఒంటి సాక్సు జారి ఆయన భుజం మీద పడింది.

“ఏమిటే ఇది?”

“మీ బట్టలండీ” అంది. కుర్చీ లాక్కుని కూర్చుంది. కూర్చోగానే కుర్చీ కిర్రుమంది. దానికి బట్టల బరువే తెలుసు మరి.

“నువ్వూ కూర్చోవే” అంది కోడలితో. కోడలు చేతిలో గరిటెతో అత్తగారినీ మామగారినీ మార్చి మార్చి చూసి, గరిటె గిన్నెలో వేసి, మెల్లగా కుర్చీ అంచున కూర్చుంది. తర్వాత కొంచెం వెనక్కి జరిగి సరిగ్గా కూర్చుంది.

“అమ్మా, మరి వడ్డన?” అన్నాడు కొడుకు.

“చెయ్యి చాపు నాన్నా, అందుతుంది.”

“ఒంట్లో బాగాలేదా?” అన్నాడాయన, సాక్సు తీసి ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తో పట్టుకుని. ఆ గొంతులో నిజంగానే కంగారు ఉంది. ఆమెకు కాస్త జాలి కూడా వేసింది.

“మోకాలు నొప్పి. చాలా రోజుల్నుంచి. అయినా అందుకు కాదండీ. ఈవేళ కూర్చున్నాను. మా పనిలో ఒకసారి కూర్చున్న మనిషి కారణం లేకుండా లేవకూడదు. కారణం చెప్పండి, లేస్తాను.”

బల్ల దగ్గర ఒక్కరికీ డైలాగు గుర్తు రాలేదు. కొడుకు గరిటె తీసుకుని, అలవాటు లేని చేత్తో అమ్మ పళ్ళెంలో కూర వేశాడు, కొంచెం బల్ల మీద కూడా పడింది. ఆయన ఓ ముద్ద తిన్నాడు. ఆలోచించాడు. ఉన్నట్టుండి ముఖం వెలిగింది.

“కూరలో ఉప్పు తగ్గింది” అన్నాడు.

కోడలు అలవాటు కొద్దీ లేవబోయింది. ట్రేయమ్మ ఆమె చేతి మీద చెయ్యి వేసి ఆపి, తీరిగ్గా ఓ ముద్ద తిని, ఆయన వైపు తిరిగి చిరునవ్వు నవ్వింది.

“అది మీరు లేవడానికి కారణమండీ” అంది.